యానిమేషన్ డిగ్రీలో ఇంక ఒక్క ఏడాదే మిగిలింది: దీన్ని ఎలా వాడుకోవాలి?

పాకాల కుర్రాడు | 14 జూన్ 2025

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలోని ఒక కళాశాలలో యానిమేషన్ డిగ్రీ చదువుతున్నాను. మూడేళ్ల కోర్సులో రెండో సంవత్సరం పరీక్షలు గత నెలలో ముగిశాయి. ఇంటర్‌లో ఎంపీసీ చదివి, ఇంజనీరింగు సీటు వచ్చే ర్యాంకు ఉండి కూడా, ఇంట్లో నెల రోజులు గొడవపడి ఇందులో చేరాను. అందువల్ల ఇప్పుడు నాకు వచ్చిన సందేహాలను ఇంట్లో నోరు విప్పి చెప్పుకోలేను.

రెండేళ్లలో మాకు ఫోటోషాప్, ఆఫ్టర్ ఎఫెక్ట్స్, మాయా అనే సాఫ్ట్‌వేర్లు నేర్పారు. నేర్పారంటే, ఏ మెనూలో ఏ బటన్ ఉందో చెప్పి, రికార్డులో రాయించి, ఇంటర్నల్ మార్కులు వేశారు. బొమ్మలు వేయడం నేర్పవలసిన అధ్యాపకుడు మొదటి సంవత్సరం మధ్యలోనే వెళ్లిపోయారు, ఆయన స్థానంలో ఇంతవరకూ ఎవరూ రాలేదు. ల్యాబ్‌లో నలభై రెండు మందికి పద్దెనిమిది కంప్యూటర్లు ఉన్నాయి. నేను మాయాలో ఒక బంతిని ఎగరవేశాను, ఒక మనిషిని నడిపించాను. బంతి బెలూనులా తేలుతోంది. మనిషి నడుస్తున్నట్టు లేడు, నూనె పోసిన బండల మీద జారుతున్నట్టు ఉన్నాడు. చూడగానే తప్పని తెలుస్తోంది గానీ ఆ తప్పు ఎక్కడుందో చెప్పేవారు లేరు.

ఈ ఏడాది ఇంకో రెండు సాఫ్ట్‌వేర్లు నేర్చుకోవాలా, లేక బొమ్మలు వేయడం మొదటి నుంచీ మొదలుపెట్టాలా? హైదరాబాదులోనో బెంగళూరులోనో లక్షన్నర కట్టి ఆరు నెలల కోర్సు చేస్తే తప్ప ఉద్యోగం రాదని సీనియర్లు అంటున్నారు. అది నిజమేనా? ఈ రంగంలో ఉన్నవారు దయచేసి చెప్పండి.

బైరాగిపట్టెడ | 14 జూన్ 2025

తమ్ముడూ, లక్షన్నర సంగతి తరువాత మాట్లాడుకుందాం, ముందు నీ బంతి సంగతి చూద్దాం. నేను పుట్టి పెరిగింది తిరుపతిలోనే, ప్రస్తుతం హైదరాబాదులో క్యారెక్టర్ యానిమేటర్‌గా పదకొండో ఏడు నడుస్తోంది.

పైనుంచి పడే వస్తువు సమానమైన కాలవ్యవధుల్లో సమానమైన దూరాలు పడదు. మొదటి వ్యవధిలో ఒక వంతు పడితే తరువాతి వ్యవధుల్లో మూడు, అయిదు, ఏడు వంతుల చొప్పున పడుతుంది. ఎంపీసీ చదివావు కాబట్టి ఇది నీకు కొత్త కాదు. అంటే బంతి శిఖరం దగ్గర ఉన్నప్పుడు ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య దూరం తక్కువగా ఉండాలి, నేలకు దగ్గరయ్యే కొద్దీ ఆ దూరం పెరగాలి. నువ్వు పైన ఒక కీ (వస్తువు ఎక్కడ ఉండాలో మనం గుర్తు పెట్టే ఫ్రేము), నేల మీద ఒక కీ, మళ్లీ పైన ఒక కీ పెట్టి వదిలేసి ఉంటావు. సాఫ్ట్‌వేరు తనంతట తానుగా ప్రతి కీ దగ్గరా వేగాన్ని తగ్గించి మెత్తగా మలుపు తిప్పుతుంది. శిఖరం దగ్గర అది సరైనదే. నేల దగ్గర మాత్రం అదే మెత్తదనం బంతిని పరుపు మీద దించినట్టు దించుతుంది. కదలికను వంపుగీతగా చూపే గ్రాఫ్ ఎడిటర్ తెరిచి, నేలను తాకే కీ దగ్గర వంపును విరగ్గొట్టి, ఇంగ్లీషు వీ అక్షరంలా పదునుగా చేయి. శిఖరాన్ని గుట్టలా గుండ్రంగా ఉంచు. పది నిమిషాల పని.

మనిషి జారడానికి కారణం వేరు. నేల మీద పెట్టిన పాదం, బరువు దాని మీద ఉన్నంతసేపూ కదలకూడదు, నడుమే దాని మీదుగా ముందుకు దాటాలి. నువ్వు నడుమును ఒక వేగంతో, పాదాలను మరో వేగంతో నడిపి ఉంటావు. సాధారణమైన నడకకు సెకనుకు 24 ఫ్రేముల లెక్కన ఒక్కో అడుగుకు 12 ఫ్రేములు పెట్టుకో. ఒకటో ఫ్రేములో మడమ నేలను తాకుతుంది, నాలుగో ఫ్రేముకు మోకాలు వంగి నడుము అన్నిటికన్నా కిందికి దిగుతుంది, ఏడో ఫ్రేములో వెనుక కాలు ముందు కాలిని దాటుతుంది, పదో ఫ్రేముకు నడుము అన్నిటికన్నా పైకి లేస్తుంది, పదమూడులో రెండో మడమ తాకుతుంది. ఈ కిందికి దిగడమనేది లేకపోతే ఎంత ఖరీదైన రిగ్గు (బొమ్మను కదిలించే లోపలి అస్థిపంజరం) అయినా దెయ్యంలా తేలుతూనే ఉంటుంది.

ఈ రెండింటినీ సరిచేసి ఇక్కడ పెట్టు. అప్పుడు చెబుతాను నీకు లక్షన్నర కోర్సు అవసరమో కాదో.

చిత్తూరు డ్రాయింగు మాస్టారు | 15 జూన్ 2025

పై మిత్రుడు చెప్పిన లెక్క నాకు పూర్తిగా అర్థం కాలేదు గానీ, ఆ కుర్రవాడి బాధ అర్థమైంది. జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలల్లో ముప్పై ఒక్క సంవత్సరాలు డ్రాయింగు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. నాకు కంప్యూటరు రాదు, నా మాటను ఆ మేరకే తీసుకోండి.

బాబూ, నీ మనిషి జారుతున్నాడంటే, నడిచే మనిషిని నువ్వు ఇంతవరకూ నిలబడి చూడలేదన్న మాట. పాకాల నుంచి రోజూ తిరుపతికి వస్తున్నావు కదా, అలిపిరి ఎంత దూరం? ఆ 3,550 మెట్ల మీద ఒక్క పూటలో ఎన్ని రకాల నడకలు కనిపిస్తాయో ఏ సాఫ్ట్‌వేరూ చూపించదు. మొదటి నూరు మెట్లు పరుగున ఎక్కిన కుర్రవాడు గాలిగోపురం చేరేసరికి ప్రతి మెట్టుకూ తొడ మీద చేయి వేసి తనను తాను పైకి తోసుకుంటాడు. మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టుకుంటూ వెళ్లే ఆడవాళ్లు నడుము ఎత్తకుండానే పక్కకు జరుగుతారు. మోకాళ్ల పర్వతం దగ్గర మోకాళ్లతో ఎక్కేవారి బరువు ఎక్కడ ఉంటుందో గమనించు: ముందు రెండు అరచేతులూ పై మెట్టు మీద ఆనతాయి, భుజాలు చెవుల దాకా వస్తాయి, ఆ తరువాతనే మోకాలు లేస్తుంది. మరునాడు రైల్వే స్టేషనుకు వెళ్లి చూడు. కొండ ఎక్కినవారంతా స్టేషను మెట్లు పక్కకు తిరిగి, కమ్మీ పట్టుకుని, ఒకే కాలును ముందు పెట్టుకుంటూ దిగుతుంటారు. వారి పిక్కల్లో ఉన్న నొప్పి బొమ్మలో కనిపించిందా, నువ్వు నేర్చుకున్నట్టే.

చిత్తూరులో ఇప్పుడు మామిడి మండీల కాలం. నిన్న ఒకామె తోతాపురి గంప ఎత్తడం చూశాను. చెంగును చుట్టకుదురు చేసి తల మీద పెట్టుకుంది. ఒక అడుగు వెనక్కి వేసింది. గంప అంచు పట్టుకుని, దాన్ని ఎత్తడానికి ముందు ఇంకా కొంచెం కిందికి కుంగింది. ఆ కుంగడమే చూడవలసినది. పైకి వెళ్లవలసిన శరీరం ముందు కిందికి వెళుతుంది. మీ చదువులో దీనికి ఏదో పేరు ఉందని విన్నాను.

రోజుకు ముప్పై బొమ్మలు, ఒక్కోదానికి ముప్పై సెకన్లు. చెరిపే రబ్బరును ఇంట్లో వదిలిపెట్టి వెళ్లు.

బైరాగిపట్టెడ | 15 జూన్ 2025

ఉంది మాస్టారూ, యాంటిసిపేషన్ అంటారు. మా స్టూడియోలో కొత్తగా చేరినవారికి దీన్ని వివరించడానికి నాకు అరగంట పడుతుంది. మీరు నాలుగు వాక్యాల్లో చెప్పారు.

రాత్రి షిఫ్టు | 15 జూన్ 2025

మాస్టారు గారి మాటలు చదవడానికి ఎంతో బాగున్నాయి. అయితే వాటిని నమ్ముకుని డిగ్రీ ముగించిన కుర్రవాడికి మొదట దొరికేది ఏ ఉద్యోగమో కూడా ఎవరైనా చెప్పాలి కాబట్టి ఆ పని నేను చేస్తాను.

మాది శ్రీకాళహస్తి పక్కన ఒక పల్లె. బెంగళూరులో తొమ్మిదేళ్లుగా వీఎఫ్ఎక్స్‌లో, అంటే సినిమాల విజువల్ ఎఫెక్ట్స్ పనిలో ఉన్నాను. మన దేశానికి వచ్చే విదేశీ పనిలో పెద్ద భాగం రోటో, పెయింటు, మ్యాచ్‌మూవ్. రోటో అంటే నటుడి అంచులను ఫ్రేము ఫ్రేముకూ గీసి అతణ్ణి వెనుక దృశ్యం నుంచి వేరు చేయడం. పెయింటు అంటే తాళ్లను, మైకులను, అక్కరలేనివాటిని చెరిపేయడం. మ్యాచ్‌మూవ్ అంటే అసలు కెమెరా కదలికను కంప్యూటరులో తిరిగి రాబట్టడం. కొత్తవారిని తీసుకునేది ఎక్కువగా ఇక్కడే. నా మొదటి జీతం నెలకు పధ్నాలుగు వేలు. గాలికి ఎగిరే జుట్టున్న ఒక నటిని పదకొండు రాత్రులు కత్తిరించాను. ఆ పనిలో మామిడి గంప ఎత్తే ఆమెతో గానీ, అలిపిరి మెట్లతో గానీ నాకు అవసరం రాలేదు. డెడ్‌లైను మాత్రమే అవసరమైంది.

ఇంకో విషయం కూడా తెలిసి ఉండాలి. ఈ రంగంలో పని గొప్పగా ఉన్నంత మాత్రాన సంస్థ నిలబడుతుందన్న నమ్మకం లేదు. 2013 ఫిబ్రవరిలో 'లైఫ్ ఆఫ్ పై' చిత్రానికి విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది. ఆ చిత్రంలోని పులిని తయారు చేసిన రిథమ్ అండ్ హ్యూస్ అదే నెలలో దివాలా దరఖాస్తు పెట్టుకుంది, దానికి హైదరాబాదులో కూడా స్టూడియో ఉండేది. ఈ ఏడాది ఫిబ్రవరిలో టెక్నికలర్ అనే వీఎఫ్ఎక్స్ సంస్థ కూలిపోయినప్పుడు బెంగళూరులో వేల మంది ఒక్కసారిగా రోడ్డున పడ్డారు. అందుచేత, ఇంట్లో గొడవపడి వచ్చిన ఈ తమ్ముడికి ముందు ఉద్యోగం తెచ్చే నైపుణ్యం కావాలి. న్యూక్ అనే సాఫ్ట్‌వేరులో కంపోజిటింగ్, అంటే విడివిడి దృశ్యాలను ఒకే షాటుగా కలపడం, నేర్చుకోమని నా సలహా. దాని తయారీదారులే వాణిజ్యేతర వాడకానికి ఒక ఉచిత వెర్షను ఇస్తున్నారు.

కాళహస్తి కలం | 16 జూన్ 2025

రాత్రి షిఫ్టు అన్న గారూ, మీరు చెప్పిన కష్టాలు నిజమే, కానీ వాటి నుంచి మీరు తీసిన ముగింపుతో నేను ఏకీభవించలేను. అలవాటైన చేతులు ఎవరివైనా సరిపోయే పని ఏదైతే ఉందో, అదే అన్నిటికన్నా ముందు యంత్రాల చేతికి పోతుంది. జుట్టు కత్తిరించే పనికి పదకొండు రాత్రులు పట్టే రోజులు ఇంకెన్నాళ్లుంటాయో మీకే బాగా తెలుసు. ఉద్యోగం కోసం రోటోలో చేరడంలో తప్పు లేదు. చదువుకునే ఏడాదిని రోటోకు సమర్పించడంలో తప్పు ఉంది.

నేను స్టోరీబోర్డు ఆర్టిస్టును, అంటే సినిమా కథను షాటు షాటుగా బొమ్మల్లో పరిచేదాన్ని. మా తాతగారి నుంచీ మాది కలంకారి ఇల్లు. చిన్నప్పుడు కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో గుడ్డను ముంచి ఆరబెట్టడం నా పని, అది చేయకపోతే కలం పెట్టగానే రంగు పాకుతుంది. చింతపుల్ల బొగ్గుతో మొదటి గీతలు గీసేది నాన్న. ఆ తరువాత బెల్లం నీళ్లలో ఇనుప ముక్కలు నానబెట్టి చేసిన నల్ల రంగుతో కలం పట్టేది ఆయనే. ఆ నలుపు ఒకసారి పడిందంటే చెరపడం లేదు. అందుకని గుడ్డ మీద చేయి పెట్టక ముందే కథ మొత్తం ఆయన తలలో గళ్లు గళ్లుగా పరిచి ఉండేది. సీతారామ కల్యాణానికి ఎంత పెద్ద గడి, మారీచుడికి ఎంత చిన్న గడి, ఎవరు ఎటు తిరిగి ఉంటే చూసేవారి కన్ను తరువాతి గడిలోకి వెళుతుంది, కింద తెలుగులో రాసే వాక్యానికి ఎంత చోటు వదలాలి. నేను స్టూడియోలో మొదటి స్టోరీబోర్డు పరీక్ష రాసినప్పుడు, ఇది మా ఇంటి వసారాలో చూసిన పనే కదా అనిపించింది.

పాకాల తమ్ముడూ, నీ కళాశాలలో బొమ్మలు చెప్పేవారు లేకపోతే ఊళ్లో లేరని కాదు. తిరుపతిలోనే టీటీడీ వారి సంప్రదాయ శిల్పకళల సంస్థ ఉంది, అక్కడ కలంకారి కూడా నేర్పుతారు. నువ్వు కోర్సులో చేరనక్కరలేదు, వెళ్లి మర్యాదగా అడిగి ఒక మూల కూర్చుని చూడు. శ్రీకాళహస్తిలో ఏ కలంకారి ఇంటి ముందు నిలబడినా, నిజంగా నేర్చుకోవడానికి వచ్చావని తెలిస్తే కూర్చోబెట్టి మంచినీళ్లు ఇస్తారు.

మరొకటి. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర చూశావా? బైరాగి వేషానికి ఒళ్లంతా తెల్లసుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి చందనం. వేషం మారిన వెంటనే అదే మనిషి నిలబడే తీరు మారుతుంది, తిట్టే గొంతు మారుతుంది. క్యారెక్టర్ డిజైన్ అని రెండు క్రెడిట్లకు మీకు చెప్పే పాఠం అదే. నీ పోర్ట్‌ఫోలియోలో విదేశీ కథల కత్తివీరులు ఎంతమంది ఉన్నారో నాకు తెలియదు. కానీ చూసేవారు రోజుకు యాభై మందిని అలాంటివారినే చూస్తారు. జాతర వేషగాణ్ణి పెట్టినవాణ్ణి గుర్తు పెట్టుకుంటారు.

పీలేరు నాన్న | 17 జూన్ 2025

నేను ఈ రంగంవాణ్ణి కాను, పీలేరులో ఎరువుల దుకాణం నడుపుతున్నాను. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ చదువుతోంది, యానిమేషన్ తప్ప వేరే మాట మాట్లాడడం లేదు. పైన పాకాల అబ్బాయి రాసినది చదివాక నాకు భయం ఎక్కువైంది. కిందటి వారం ఒక సంస్థవారు ఫోను చేసి, తమ దగ్గర చేరితే డిగ్రీ కూడా వస్తుందని, మొదటి విడతగా అరవై వేలు కట్టమని అన్నారు. ఏ విశ్వవిద్యాలయం డిగ్రీ అని అడిగితే సూటిగా చెప్పలేదు. మాలాంటివారు ఏది చూసి నమ్మాలి?

బైరాగిపట్టెడ | 17 జూన్ 2025

అయ్యా, సూటిగా చెప్పనివారికి అరవై రూపాయలు కూడా కట్టకండి. డిగ్రీ ఇవ్వగలిగేది విశ్వవిద్యాలయం, లేదా చట్టప్రకారం ఆ అధికారం ఉన్న సంస్థ. ఆ పేరు యూజీసీ జాబితాలో ఉండాలి. దూరవిద్య ద్వారా అంటే ఆ కోర్సుకు విడిగా యూజీసీ అనుమతి ఉండాలి. శిక్షణ ఒకచోట, పట్టా మరెక్కడిదో అయినప్పుడు ఆ రెండో సంస్థకే నేరుగా ఉత్తరం రాసి కనుక్కోండి. డిప్లొమా ఇచ్చే శిక్షణ సంస్థలన్నీ చెడ్డవని నేను అనను, అందులో చదివి నాకన్నా బాగా పనిచేసేవారు ఉన్నారు. డిప్లొమాను డిగ్రీ అని చెప్పి అమ్మేవారితోనే జాగ్రత్త.

స్టూడియోలో నన్ను ఎవరూ డిగ్రీ అడగలేదని చాలామంది గొప్పగా చెబుతారు. నన్ను కూడా అడగలేదు. కానీ విదేశంలో పనికి వెళ్లేటప్పుడు వీసా కాగితాల్లో అడిగారు. పైచదువుకు వెళ్లాలన్నా అదే ఆధారం. ఐఐటీ బొంబాయిలోని డిజైన్ విభాగమైన ఐడీసీలో యానిమేషన్‌లో ఎం.డెస్. (డిజైన్‌లో పీజీ) చేయాలంటే సీడ్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, దానికి ఇంటర్ తరువాత కనీసం మూడేళ్ల చదువు కావాలి. కోల్‌కతాలోని సత్యజిత్ రే సంస్థలో యానిమేషన్ సినిమా కోర్సుకూ డిగ్రీ కావాలి.

మీ అమ్మాయి ఇంకా ఇంటర్‌లోనే ఉంది కాబట్టి ఆమెకు దారులు ఎక్కువ. ఐఐటీల్లో డిజైన్ డిగ్రీకి ప్రవేశ పరీక్ష అయిన యూసీడ్ ఏ గ్రూపువారైనా రాయవచ్చు, బైపీసీ అడ్డు కాదు. అయితే వరుసగా రెండు సంవత్సరాలు మాత్రమే రాయనిస్తారు కాబట్టి మొదటిసారిని సరదాకు పోగొట్టుకోవద్దు. అహ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థ ఎన్ఐడీలో యానిమేషన్ ఫిల్మ్ డిజైన్ ఉంది, దానికి డాట్ అనే పరీక్ష రెండు దశల్లో ఉంటుంది. మన రాష్ట్రంలోని ఎన్ఐడీలో ఉన్నవి ఇండస్ట్రియల్, కమ్యూనికేషన్, టెక్స్‌టైల్ డిజైన్లు. దగ్గరలో కావాలంటే కడపలోని ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలోనూ, హైదరాబాదులో అలాంటిదే అయిన జేఎన్‌ఏఎఫ్‌ఏయూలోనూ బీఎఫ్‌ఏ (లలితకళల డిగ్రీ) యానిమేషన్ ఉంది. హైదరాబాదు సంగతి అయితే ప్రవేశ ప్రకటనలో స్థానికత నిబంధన చదివిన తరువాతే ఆశ పెట్టుకోండి. ఈ పరీక్షల్లో చాలావాటిలో చేత్తో బొమ్మ వేయించి చూస్తారు.

చిత్తూరు డ్రాయింగు మాస్టారు | 18 జూన్ 2025

పీలేరు మిత్రులకు ఒక పాత సంగతి చెబుతాను. 1956లో డిస్నీలో పనిచేసిన క్లెయిర్ వీక్స్ అనే ఆయన బొంబాయిలోని ఫిల్మ్స్ డివిజన్‌కు వచ్చి, మనవారికి కార్టూన్ చిత్రాల తయారీలో శిక్షణ ఇచ్చారు. అలా నేర్చుకున్నవారిలో రామ్‌మోహన్ ఒకరు. తరువాత కాలంలో భారతీయ యానిమేషన్‌కు పితామహుడని పేరు పొందిన ఆయన, చదువు రీత్యా రసాయనశాస్త్ర పట్టభద్రుడు. మీ అమ్మాయి బైపీసీ గురించి మీరేమీ దిగులు పెట్టుకోకండి. ఆమె నోటు పుస్తకాల చివరి పేజీలు ఒకసారి తెరిచి చూడండి. అవి బొమ్మలతో నిండి ఉంటే ఆమె నిజమే చెబుతోంది. ఖాళీగా ఉంటే ఇంకా ఆరు నెలలు ఆగండి.

పీలేరు నాన్న | 18 జూన్ 2025

చూశాను మాస్టారూ. జంతుశాస్త్రం రికార్డులో కప్ప బొమ్మ పక్కనే అది గెంతుతున్నట్టు పేజీ మూలల్లో ఇంకో ఇరవై కప్పలు ఉన్నాయి. పేజీలు తిప్పితే కప్ప గెంతుతోంది. రికార్డుకు మార్కులు తగ్గించారట.

కుప్పం త్రీడీ | 20 జూన్ 2025

పీలేరు అంకుల్ గారి అమ్మాయికి నా తరఫున అభినందనలు చెప్పండి.

నేను కుప్పంలో ఇంట్లో కూర్చుని బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేరులో పనిచేస్తాను. డిగ్రీ బీకాం. పాకాల అబ్బాయి అడిగిన సాఫ్ట్‌వేరు ప్రశ్నకు ఎవరూ సూటిగా సమాధానం ఇవ్వలేదు కాబట్టి రాస్తున్నాను. ల్యాబ్‌లో వరుస కోసం కాచుకోవద్దు. బ్లెండర్ ఉచితం, 2002 నుంచి దాని సోర్సు కోడ్ అందరికీ తెరిచే ఉంది. ఈ ఏడాది ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ అందుకున్న లాత్వియా చిత్రం 'ఫ్లో' బ్లెండర్‌లోనే తయారైంది. చేతి బొమ్మల యానిమేషన్‌కు క్రిటా, ఓపెన్‌టూన్జ్ ఉచితంగానే దొరుకుతాయి. మాయా కావాలంటే విద్యార్థిగా నీ కళాశాల ఆధారం చూపి ఆటోడెస్క్ దగ్గర ఉచిత లైసెన్సు తీసుకోవచ్చు, అది ఈ ఏడాదిలోగానే చేయాలి. నేను నాలుగు వేల రూపాయల పెన్ టాబ్లెట్‌తో, పదహారు జీబీ ర్యామ్ ఉన్న పాత కంప్యూటరుతో మూడేళ్లు నెట్టుకొచ్చాను. ఒక సాఫ్ట్‌వేరులో గ్రాఫ్ ఎడిటర్ అర్థమైతే రెండోదానిలో బటన్లు వెతుక్కోవడమే మిగులుతుంది.

నా అన్నం లిప్‌సింక్ (మాటకు తగ్గట్టు పాత్ర నోరు కదిలించడం) నుంచి వస్తోంది కాబట్టి దాని గురించి ఒక మాట. మనకు దొరికే నోటి ఆకారాల పట్టికలన్నీ ఇంగ్లీషు మాటలకు తయారు చేసినవి. ఇంగ్లీషులో చాలా మాటలు హల్లుతో ముగుస్తాయి, నోరు మూతపడుతూ ఉంటుంది. తెలుగు మాట దాదాపు ఎప్పుడూ అచ్చుతో ముగుస్తుంది, కనుక మాట చివర నోరు తెరిచే ఉండాలి. ఆ పట్టికను తెచ్చి తెలుగు సంభాషణకు అతికిస్తే డబ్బింగు సినిమాలా ఉంటుంది. పెదవులు పూర్తిగా కలిసేవి ప, ఫ, బ, భ, మ దగ్గరే. ఇందులోనూ ద్విత్వం చూసుకోవాలి. 'ఆమె' అన్నప్పుడు పెదవులు రెండు ఫ్రేములు కలిస్తే చాలు, 'అమ్మ' అన్నప్పుడు నేను నాలుగైదు ఫ్రేములు పట్టి ఉంచుతాను. నోరు శబ్దం కంటే ఒక ఫ్రేము ముందే ఆకారానికి రావాలి. మొన్న ఒక పాత్ర "రేయ్, ఆడ ఏం చేస్తా ఉండావురా" అనాలి. మన వైపు 'చేస్తా'లో ఆ దీర్ఘాన్ని ఎంత సాగదీస్తామో అద్దంలో నన్ను నేను చూసుకుంటూ లెక్కపెడితే తొమ్మిది ఫ్రేములు వచ్చింది. హైదరాబాదు డైరెక్టరు ఆరు చాలన్నారు. నేను తొమ్మిదే ఉంచాను. డబ్బింగు చెప్పినది పుంగనూరు ఆవిడ, సరిగ్గా కుదిరింది.

రాత్రి షిఫ్టు | 20 జూన్ 2025

కాళహస్తి కలం అమ్మా, నువ్వు అన్నదానికి నాలుగు రోజులుగా సమాధానం వెతుకుతున్నాను. రోటోలో యంత్రం చేసే భాగం ప్రతి ఏడూ పెరుగుతోందన్నది నిజం, నా బృందంలో కొత్తవారిని తీసుకోవడం తగ్గిందన్నదీ నిజం. అయినా నా మాటలో సగాన్ని వదులుకోను. అలిపిరిలో బొమ్మలు వేసుకుంటూనే కంపోజిటింగ్ నేర్చుకోవచ్చు. వెలుతురు ఎటు నుంచి పడుతోంది, నీడ అంచు ఎంత మెత్తగా ఉంది, దూరపు కొండ ఎందుకు నీలంగా కనిపిస్తోంది, ఇవన్నీ కంపోజిటింగ్‌లో తేలవలసిన విషయాలే. అవి కూడా బొమ్మల పుస్తకంలో రాసుకో తమ్ముడూ.

షోరీలు గురించి కూడా చెబుతాను, అంటే ఉద్యోగానికి పంపే నీ షాట్ల చిన్న వీడియో. మా దగ్గర ఎంపిక చేసేవారి వెనుక నిలబడి చాలాసార్లు చూశాను. ఒక్కో రీలుకు మొదటి పది సెకన్లు ఇస్తారు. నిమిషం, మహా అయితే నిమిషంన్నర ఉండాలి. నీ దగ్గర ఉన్న అన్నిటికన్నా మంచి షాటు మొదట పెట్టు, చివరికి దాచుకోవద్దు. ఇంటర్నెట్ పాఠం చూసి చేసిన డోనట్‌ను, కాఫీ కప్పును పెట్టవద్దు, ఆ డోనట్‌ను మేము వెయ్యిసార్లు చూశాం. నలుగురు కలిసి చేసిన పని అయితే అందులో నువ్వు చేసినదేమిటో అదే షాటు కింద అక్షరాల్లో వేయి. పక్కవాడి రిగ్గును నీదని చెప్పి పట్టుబడినవారి పేర్లు ఈ ఊళ్లో పదేళ్లు తిరుగుతూ ఉంటాయి. పాట పెద్దగా పెట్టవద్దు, చూసేవారు దాన్ని ఆపేసి చూస్తారు.

బైరాగిపట్టెడ | 21 జూన్ 2025

పై మాటకు ఒకటి చేరుస్తాను. నాలుగు విభాగాల్లో అరకొర షాట్లు పెట్టినవాడి కంటే, ఒకే విభాగంలో మూడు గట్టి షాట్లు పెట్టినవాణ్ణి పెద్ద స్టూడియో పిలుస్తుంది. ఆరుగురు పనిచేసే చిన్న స్టూడియోకు అన్నీ కొంచెం కొంచెం తెలిసినవాడు కావాలి. ఏ తలుపు తట్టాలో అనుకున్నాక రీలు కత్తిరించుకో. క్యారెక్టర్ యానిమేషన్‌కు అయితే బరువు తెలిసే షాటు ఒకటి, ఆలోచన మారే షాటు ఒకటి, మాట్లాడే షాటు ఒకటి. రెండోది కష్టం. మనిషి ఏదో చూసి నిర్ణయం మార్చుకున్నప్పుడు కళ్లు ముందు కదులుతాయి, తల తరువాత, ఒళ్లు ఆ తరువాత.

లక్షన్నర సంగతి నువ్వు మళ్లీ అడగలేదు. బంతి కూడా పెట్టలేదు.

పాకాల కుర్రాడు | 9 ఆగస్టు 2025

ఆలస్యానికి క్షమించాలి అన్నా. బంతి రెండో రోజునే సరిపోయింది, వీ ఆకారం చేయగానే నేలను కొట్టింది. నడకకు పదిహేడు రోజులు పట్టింది. పాఠాలు మొదలయ్యాక మా తరగతిలో అయిదుగురం శనివారాలు తెల్లవారుజామున అలిపిరి వెళుతున్నాం. నా పుస్తకంలో ఆరువందల పైచిలుకు బొమ్మలు ఉన్నాయి, వాటిలో నలభై చూడదగ్గవి. లక్షన్నర అడగలేదు, నాన్నకు చెప్పలేదు. పాత కంప్యూటరులో ర్యామ్ వేయించుకోవడానికి మాత్రం నాలుగు వేలు తీసుకున్నాను.

ఒక షాటు పెడుతున్నాను. మోకాళ్ల పర్వతం దగ్గర చూసిన ఒక ముసలావిడ. 120 ఫ్రేములు, అయిదు సెకన్లు. రెండు మెట్లు ఎక్కుతుంది, ఆగి వెనక్కి చూస్తుంది, మూడో మెట్టు ఎక్కుతుంది. మాస్టారు గారు కూడా చూడాలని కోరుతున్నాను.

బైరాగిపట్టెడ | 9 ఆగస్టు 2025

ఆగి చూసే చోట కళ్లు, తల, ఒళ్లు వరుసగా కదిలాయి. బాగుంది. రెండో మెట్టు మీద 58 నుంచి 66 వరకు నడుము ఒకే వేగంతో పైకి వెళుతోంది, బరువు పోయింది. 61 దగ్గర ఒక క్షణం ఆగి, కొంచెం కిందికి దిగి, అప్పుడు లేవాలి. అది సరిచేసి పంపు, మా లీడ్‌కు చూపిస్తాను. ఉద్యోగమని ఎవరికీ చెప్పుకోకు, చూపిస్తానన్నాను అంతే.

చిత్తూరు డ్రాయింగు మాస్టారు | 10 ఆగస్టు 2025

మనవడి ఫోనులో ఒక్కొక్క బొమ్మ దగ్గరా ఆపించుకుని చూశాను. చేతులు ఆనిన తరువాతనే మోకాలు లేచింది, సంతోషం. అరచేయి మెట్టు మీద ఆనినప్పుడు వేళ్లు విడివిడిగా ఉన్నాయి. ఆ వయసువారి వేళ్లు అలా విచ్చుకోవు, కొంచెం ముడుచుకునే ఆనతాయి. మరొకటి అడుగుతాను. ఆవిడ పైట కొంగు వీపు మీద వేలాడుతూ, ఆవిడ ఆగిన తరువాత కూడా ఊగింది. బొమ్మకు అందంగానే ఉంది. అయితే మోకాళ్లతో మెట్లెక్కే ఆడమనిషి కొంగును అలా వదిలేస్తుందా, నడుముకు దోపుకుంటుందా? నువ్వు చూసినామె ఏం చేసింది?

పాకాల కుర్రాడు | 10 ఆగస్టు 2025

గుర్తు లేదు మాస్టారూ. నా పుస్తకంలో ఆవిడవి పదకొండు బొమ్మలు ఉన్నాయి, ఒక్కదానిలోనూ కొంగు గీయలేదు. ఊగితే బాగుంటుందని కంప్యూటరు ముందు కూర్చున్నప్పుడు నేనే కలిపాను. శనివారం అయిదింటి బస్సుకు మళ్లీ వెళుతున్నాను.